జరగని ముష్టియుద్ధాలు – చూడాలనే మన కోరిక

బాక్సింగు అభిమానులు ఇద్దరు ఒకచోట కలిస్తే జరిగిన పోటీలకంటె జరగని పోటీలను గురించే ఎక్కువసేపు మాట్లాడుకుంటారు. జో లూయిస్ మంచి వయసులో ఉండగా మహమ్మద్ అలీ ఎదురైతే ఎవరు గెలిచేవారు? 1973 నాటి జార్జి ఫోర్‌మన్ ముందు 1988 నాటి మైక్ టైసన్ నిలిస్తే ఎన్ని రౌండ్లు సాగేది? మన తెలుగు కుటుంబాలలో కూడ ఈ సరదా ఉన్నవారు తక్కువేమీ కాదు. శనివారం విందులో వడ్డన పెరుగన్నం దాకా వచ్చినా ఈ వాదం తెగదు.

ఇందులో తప్పేముంది అనవచ్చు. వాదించుకున్నంత మాత్రాన ఎవరికీ దెబ్బ తగలదు కదా. నిజమే. కాని ఈ కోరికలన్నీ మాటలుగానే ఉండిపోవు. చాలామంది చాలాకాలంగా కోరుకుంటున్న పోటీకి టిక్కెట్లు అచ్చువేయించే వ్యాపారులు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. అప్పుడు మన కోరిక వెళ్ళి ఇద్దరు మనుషుల తలల మీద పడుతుంది. ఇద్దరు కొట్టుకోవాలని మూడోవాడు కోరుకోవడం ఎప్పుడు న్యాయం, ఎప్పుడు కాదు అన్నదే ఈ వ్యాసంలో మేము ఆలోచించదలచుకున్న ప్రశ్న. అసలు బాక్సింగు ఉండాలా వద్దా అన్నది వేరే చర్చ. 1982లో బ్రిటిష్ మెడికల్ అసోసియేషన్, 1984లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఉండరాదనే తీర్మానించాయి. అయినా ఆట ఉంది, మనం చూస్తూనే ఉన్నాం. కనుక చూసేవారి ధర్మమేమిటి అన్నదే ఇక్కడ విచార్యం.

ఇటువంటి కోరిక మన తెలుగువారికి కొత్త కాదు. శ్రీకృష్ణుడికీ అర్జునుడికీ యుద్ధం వస్తే ఎలా ఉంటుంది? వ్యాసభారతంలో లేని ఈ పోరును మనవాళ్ళు ఊహించుకున్నారు. చిలకమర్తి వారి ‘గయోపాఖ్యానం’ నాటకం ఊరూరా ఆడింది. 1963లో అదే కథ ‘శ్రీకృష్ణార్జున యుద్ధం’ సినిమాగా వచ్చి, రామారావు, నాగేశ్వరరావులను ఎదురెదురుగా నిలబెట్టింది. అంతటితో తృప్తిపడక రాముడికీ ఆంజనేయుడికీ కూడ యుద్ధం పెట్టాం. ఆ నాటకాలు చూసినవారికి ఒక సంగతి గుర్తుండాలి. యుద్ధం తప్పక జరుగుతుంది, బాణాలు తప్పక ఎదురెదురుగా వస్తాయి, కాని చివరకు ఇద్దరిలో ఎవరూ ఓడకుండానే కథ ముగుస్తుంది. నాటకకర్తకు ప్రేక్షకుల మనసు బాగా తెలుసు. ఇద్దరూ తలపడితే చూడాలని మనకు ఉంది. ఇద్దరిలో ఎవరూ నేలకూలడం మాత్రం చూడలేం. రంగస్థలం మీద ఆ రెండు కోరికలూ తీర్చవచ్చు. తాళ్ళు కట్టిన బరిలో అది కుదరదు. అక్కడ అడ్డుపడడానికి పైనుంచి ఏ దేవుడూ దిగిరాడు. ఉన్నది ఒక రిఫరీ, మూలలో తువ్వాలు పట్టుకున్న శిక్షకుడు, బరి పక్కన ఒక డాక్టరు. అంతే.

ఈ పోటీలన్నీ ఒకే జాతివి కావు. మా దృష్టిలో ఇవి మూడు రకాలు. ఒక్కొక్కదానికి న్యాయం ఒక్కొక్క విధంగా ఉంటుంది.

మొదటి రకం, వేరువేరు కాలాలవారి మధ్య పోటీ. ఇది ఎన్నటికీ జరగదు. జరగనిదాన్ని జరిపించాలని ఒకసారి ప్రయత్నం కూడ జరిగింది. 1967లో మయామీకి చెందిన మర్రీ వోరోనర్ అనే రేడియో నిర్మాత పాత, కొత్త హెవీవెయిట్ ఛాంపియన్ల వివరాలను ఒక కంప్యూటరుకు అందించి, అది తేల్చిన ఫలితాలను రేడియోలో నిజమైన పోటీల లాగా వినిపించాడు. అందులో అలీ, ఎప్పుడో 1905లో విరమించుకున్న జేమ్స్ జెఫ్రీస్ చేతిలో ఓడిపోయాడు! అలీ కోర్టుకెక్కాడు. ఆ తగాదా సర్దుబాటులో భాగంగా 1969లో రాకీ మార్సియానోతో కెమెరా ముందు నిలబడ్డాడు. అప్పటికి మార్సియానో ఆట మానేసి పదమూడేళ్ళు. ఆడిన 49 పోటీలలో ఒక్కటీ ఓడనివాడు. అలీ సైన్యంలో చేరనన్నందుకు బహిష్కారంలో ఉన్నాడు. ఇద్దరూ నిమిషానికొకటి చొప్పున డెబ్బై పైచిలుకు రౌండ్లు నటించారు. ముగింపులు రకరకాలుగా తీశారు. 1970 జనవరి 20న సినిమాహాళ్ళలో చూపినప్పుడు అమెరికా ప్రేక్షకులకు పదమూడో రౌండులో మార్సియానో గెలిచాడు. యూరప్ ప్రేక్షకులకు అలీ గెలిచాడు. అప్పటికి మార్సియానో బ్రతికి లేడు. 1969 ఆగస్టు 31న విమానప్రమాదంలో పోయాడు.

కంప్యూటరు సత్యం చెప్పిందని ఎవరూ అనుకోనక్కర్లేదు. ఏ దేశం వారికి ఏ ముగింపు ఇష్టమో అదే దొరికింది. అసలు ఆ ప్రశ్నకు జవాబు ఉండడానికే వీలులేదు. మార్సియానో ఎప్పుడూ 190 పౌండ్లకు అటూ ఇటూగా ఉన్న మనిషి. ఈ తరం హెవీవెయిట్లలో టైసన్ ఫ్యూరీ ఎత్తు ఆరడుగుల తొమ్మిది అంగుళాలు, బరువు 250 పౌండ్లకు పైన. ఒకడి కాలపు తిండి, శిక్షణ, నియమాలు రెండోవాడికి ఇస్తే వాడు వాడు కాడు. ఇవ్వకపోతే పోటీ న్యాయం కాదు. అయినా ఈ వాదంలో తప్పు లేదు. చనిపోయినవారిని, విరమించుకున్నవారిని ప్రేమతో తలుచుకునే పద్ధతి ఇది. ఎవరి ఒంటికీ దెబ్బ తగలదు. ఎంతసేపైనా వాదించుకోవచ్చు.

రెండవ రకం, ఒకే కాలంలో, ఒకే తూకంలో, ఇద్దరూ బలంగా ఉన్నప్పుడు కోరుకునే పోటీ. ఇక్కడ కోరిక అభిమానులది మాత్రమే కాదు, ఆటది కూడ. ఛాంపియన్ అన్న మాటకు అర్థం ఉండాలంటే ఎదురుగా ఉన్నవారిలో గట్టివాడితో తలపడవలసిందే. లెనాక్స్ లూయిస్, రిడిక్ బో ఇద్దరూ 1988 సియోల్ ఒలింపిక్ ఫైనల్లో తలపడ్డారు. రెండో రౌండులోనే లూయిస్ గెలిచాడు. తరువాత ఇద్దరూ ప్రపంచస్థాయికి వచ్చారు. 1992లో లూయిస్‌తో పోటీకి దిగడానికి బదులు బో తన బెల్టుల్లో ఒకదాన్ని లండన్‌లో చెత్తబుట్టలో పడేశాడు. ఆ పోటీ వృత్తి బాక్సింగులో జరగనే లేదు. అది జరిగి ఉండవలసిందని కోరుకున్నవారిని తప్పుపట్టలేం. దీనికి ఎదురు ఉదాహరణ 2024 మే 18న రియాద్‌లో జరిగింది. ఉసిక్, ఫ్యూరీ ఇద్దరూ అంతవరకు ఓటమి ఎరగనివారు. తలపడ్డారు, ఉసిక్ గెలిచాడు, హెవీవెయిట్‌లో నాలుగు బెల్టులూ ఒకడికే దక్కడం అదే మొదలు. ఆట ఎలా ఉండాలో అలాగే ఉంది.

ఈ రకంలో దోషం ఎక్కడ వస్తుందంటే, ఆలస్యంలో. మేవెదర్, పాకియావో తలపడాలని 2009 నుంచీ లోకమంతా అడిగింది. రక్తపరీక్షల మీద పట్టుదలలు, ప్రమోటర్ల తగాదాలు, డబ్బు వాటాలు – ఆరేళ్ళు గడిచాయి. 2015 మే 2న లాస్ వేగస్‌లో జరిగేనాటికి ఒకరికి 38, ఇంకొకరికి 36. నలభై ఆరు లక్షల ఇళ్ళు డబ్బు కట్టి చూశాయి. మేవెదర్ గెలిచాడు. పాకియావో భుజం దెబ్బతిని ఉందని పోటీ అయ్యాక తెలిసింది. చూసినవారు చాలామంది నిరాశపడ్డారు. మా ఉద్దేశంలో నిరాశపడవలసింది ఆ రాత్రి ఆటను గురించి కాదు. ఆకలి పెరిగినకొద్దీ విస్తరి ఖరీదు పెంచుకుంటూ పోయిన వ్యాపారాన్ని గురించి. మనం కోరుకున్నదీ, మనకు అమ్మినదీ ఒకటి కాదు. మనం కోరుకున్నది 2010 నాటి మనుషులను.

ఇక్కడినుంచి మూడవ రకానికి ఒక్క అడుగే దూరం. కాలం దాటిపోయినవాడు మళ్ళీ రావాలని, వచ్చి ఇప్పటివాడితో తలపడాలని కోరడం. పైకి ఇది గౌరవం లాగా కనిపిస్తుంది. చరిత్ర చూస్తే ఇందులో చాలా విషం ఉంది.

1910 జులై 4న రీనోలో జరిగినది ఇదే. నల్లజాతివాడైన జాక్ జాన్సన్ హెవీవెయిట్ ఛాంపియన్ అయినాడని తెల్లవారిలో చాలామందికి నిద్ర పట్టలేదు. పొలం చేసుకుంటున్న జెఫ్రీస్‌ను పిలిచారు. రచయిత జాక్ లండన్ వంటివారు కూడ పత్రికలలో పిలిచారు. జెఫ్రీస్ సుమారు నూరు పౌండ్ల బరువు తగ్గించుకుని, అయిదేళ్ళ తరువాత బరిలోకి దిగాడు. పదిహేనో రౌండులో ఓడిపోయాడు. ఆ రాత్రి దేశంలో ఎన్నో ఊళ్ళలో నల్లవారి మీద దాడులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ అభిమానులు కోరుకున్నది మంచి పోటీ కాదు. ఒక మనిషి నేలమీద పడి ఉండగా చూడాలని కోరుకున్నారు. దానికి ఇంకొక మనిషి శరీరాన్ని అరువు తెచ్చుకున్నారు. పరాయిదేశంలో రంగు తేడాతో బ్రతుకుతున్న మనం ఈ కథను మరచిపోకూడదు. ఫలానావాడు ఫలానావాణ్ణి కొట్టాలి అనుకున్నప్పుడు మన మనసులో ఎవరి మీద కసి ఉందో ఒకసారి చూసుకోవడం మంచిది.

కసి లేకపోయినా అపకారం జరగవచ్చు. 1951 అక్టోబరు 26న 37 ఏళ్ళ జో లూయిస్, మార్సియానో ముందు నిలబడి ఎనిమిదో రౌండులో తాళ్ళలోంచి బయటికి పడిపోయాడు. ఆయన మళ్ళీ ఆడడానికి ముఖ్యకారణం ఆదాయపు పన్ను బాకీ. యుద్ధకాలంలో రెండు పోటీల సంపాదనను సైన్యం, నౌకాదళం సహాయనిధులకు ఇచ్చిన మనిషి ఆయన. గెలిచిన మార్సియానో చిన్నప్పటినుంచీ లూయిస్‌ను ఆరాధించినవాడు. అటువంటివాడి చేతనే కొట్టించాం.

1980 అక్టోబరు 2న లాస్ వేగస్‌లో అలీ, లారీ హోమ్స్. అలీకి 38 ఏళ్ళు, రెండేళ్ళుగా బరిలోకి దిగలేదు. నాలుగోసారి ఛాంపియన్ అవుతాడని అభిమానుల ఆశ. బరువు బాగా తగ్గి, జుట్టు నల్లగా, చూడడానికి పాత అలీ లాగే ఉన్నాడు. థైరాయిడ్ మాత్రలు వాడాడని తరువాత బయటపడింది. ఒంట్లో నీరు లేదు, బలం లేదు. హోమ్స్ ఒకప్పుడు అలీ దగ్గర సాధన చేసినవాడు. కొట్టలేక రిఫరీ వంక చూశాడు. పదో రౌండు తరువాత ఏంజెలో డండీ ఆపించాడు. దీనికి మూడేళ్ళ ముందే, 1977లో, అలీ వైద్యుడు ఫెర్డీ పచేకో మూత్రపిండాల పరీక్ష ఫలితాలు చూసి, ఇక ఆడవద్దని చెప్పి, వినకపోతే తానే తప్పుకున్నాడు. 1984లో అలీకి పార్కిన్సన్ లక్షణాలున్నాయని వైద్యులు తేల్చారు. వాటికి బాక్సింగే పూర్తిగా కారణమా అన్నదానిమీద వైద్యులలో ఏకాభిప్రాయం లేదు. కాని ఆ రాత్రి ఆ తలకు ఆ దెబ్బలు మేలు చేశాయని ఎవరూ అనరు.

మొన్న మొన్న 2024 నవంబరు 15న టెక్సస్‌లో 58 ఏళ్ళ టైసన్‌ను 27 ఏళ్ళ జేక్ పాల్ ముందు నిలబెట్టారు. అంతకు కొద్ది నెలల ముందు కడుపులో పుండు చిట్లి ఎనిమిదిసార్లు రక్తం ఎక్కించవలసివచ్చిందని టైసనే తరువాత చెప్పాడు. కోట్లమంది ఇళ్ళలో కూర్చుని చూశారు. రౌండుకు రెండు నిమిషాలకు కుదించారు, గ్లవ్స్ మందం పెంచారు. అంటే అపాయం ఉందని అందరికీ తెలుసు.

ఇక్కడ వైద్యులుగా ఒక మాట చెప్పాలి. కురిడీకాయలో కొబ్బరి లొడలొడలాడినంతగా కాకపోయినా, పుర్రెలో మెదడు కూడ కొంత కదులుతుంది. గడ్డం మీద పక్కనుంచి దెబ్బ తగిలితే తల గిర్రున తిరుగుతుంది. మెదడు ఒక్క క్షణం వెనకబడుతుంది. ఆ లాగులాటలో సన్నని నరాల పోగులు సాగుతాయి, తెగుతాయి. గ్లవ్స్ కాపాడేది ముఖ్యంగా కొట్టేవాడి వేళ్ళను. స్పృహ తప్పించే పెద్ద దెబ్బ ఒక్కటే అపాయం కాదు. ఏళ్ళ తరబడి సాధనలో తగిలే చిన్న దెబ్బలు కూడ లెక్కకు వస్తాయి. 1928లోనే హారిసన్ మార్ట్‌లాండ్ అనే వైద్యుడు ముష్టియోధుల తడబాటు నడక, ముద్దమాట, మతిమరుపులను గురించి వ్రాశాడు. 1973లో ఇంగ్లండులో కోర్సెలిస్, ఆయన సహచరులు పదిహేనుమంది మాజీ యోధుల మెదళ్ళను పరీక్షించి మార్పులను వివరించారు. ఈ జబ్బు గుణం ఏమిటంటే, దెబ్బ తగిలిన నాడు కనిపించదు. పదేళ్ళకో ఇరవై ఏళ్ళకో బయటపడుతుంది.

“వాళ్ళు పెద్దవాళ్ళు, తెలిసి ఒప్పుకున్నారు, కోట్లు పుచ్చుకున్నారు, మధ్యలో మీకేం బాధ?” అని అడిగేవారున్నారు. ఇది గట్టి ప్రశ్నే. ఆపరేషనుకు ముందు సమ్మతిపత్రం మీద సంతకం పెట్టించుకోవడం మాకు రోజూ ఉన్న పనే. ఆ సంతకానికి విలువ ఉండాలంటే రోగికి విషయం తెలిసి ఉండాలి, ఒత్తిడి ఉండకూడదు. పన్ను బాకీ ఉన్న జో లూయిస్ మీద ఒత్తిడి లేదని ఎలా అనగలం? అంతకంటె పెద్ద చిక్కు ఇంకొకటి ఉంది. ముప్పై ఎనిమిదేళ్ళవాడు సంతకం పెడతాడు. అప్పు తీర్చేది యాభై ఏళ్ళవాడు. చెయ్యి వణికి కాఫీ కప్పు పట్టుకోలేని ఆ యాభై ఏళ్ళవాణ్ణి ఎవరూ అడగలేదు. పక్కన కూర్చుని తినిపించే భార్యను అసలే అడగలేదు.

ఆ మాటకొస్తే సిగరెట్టు కాల్చేవాడు చేసేదీ ఇదే కదా అనవచ్చు. అవును. ఈనాటి సుఖానికి రేపటి తన ఒంటినే తాకట్టు పెడుతున్నాడు. అతని చేతిలోంచి సిగరెట్టు లాక్కునే అధికారం మనకు లేదు. కాని అతను కాలుస్తుంటే చూడడానికి మనం టిక్కెట్టు కొనం, ఇంకొకటి వెలిగించమని చప్పట్లు కొట్టం. ముష్టియోధుడు సంతకం పెట్టడానికి కారణమే మనం. మన కోరిక లేకపోతే ఆ కాగితమే ఉండదు. కనుక అతను ఒప్పుకున్నాడు అన్న మాట అతని బాధ్యతను చెబుతుందే గాని, మన బాధ్యతను తగ్గించదు.

రెండవ రకం పోటీలలో కూడ ఈ అపాయం లేకపోలేదు. 1982 నవంబరులో లాస్ వేగస్‌లో మాన్సీనీతో పద్నాలుగో రౌండు దాకా పోరాడిన కొరియా యోధుడు డుక్‌కూ కిమ్ కొద్దిరోజుల్లో చనిపోయాడు. ఆ తరువాతనే ఛాంపియన్ పోటీలు పదిహేను రౌండ్ల నుంచి పన్నెండుకు తగ్గాయి. అందుచేత, న్యాయమైన పోటీ కనుక దెబ్బ తగలదని మేము అనడం లేదు. ఆ దెబ్బకు ఆటలో ఒక అర్థం ఉంది అంటున్నాం. ఇద్దరూ తమ విద్యలో పరాకాష్ఠకు చేరి, ఎదుటివాడిలో తన కొలత చూసుకోవాలనుకుంటున్నారు. కాలం దాటినవాడి పోటీలో ఆ అర్థం లేదు. అక్కడ కొలిచేది అతని విద్యను కాదు, మన జ్ఞాపకం ధరను.

భారతం ఆదిపర్వంలో కుమారాస్త్రవిద్యా ప్రదర్శన మనందరికీ తెలిసినదే. కర్ణుడు వచ్చి అర్జునుడితో ద్వంద్వయుద్ధం కోరాడు. చూడవచ్చిన జనం రెండు పక్షాలుగా చీలిపోయారు. ఈ పోటీ చూడాలని అందరికీ ఉత్సాహమే. ఆ సభలో ఒక్క మనిషి మూర్ఛపోయింది. కుంతికి ఇద్దరూ కొడుకులే. అక్కడ మిగిలినవారు చూసినది వీరులను. ఆమె చూసినది బిడ్డలను. ముష్టియుద్ధం చూసేటప్పుడు ప్రేక్షకులందరూ కుంతులు కావాలంటే ఆట సాగదు, నిజమే. కాని ఆ చూపు ఒక్కటీ లేని సభ మంచి సభ కాదు. 1975 అక్టోబరు 1న మనీలాలో పద్నాలుగు రౌండ్లయ్యాక, కళ్ళు వాచి చూపు ఆనని జో ఫ్రేజియర్‌ను శిక్షకుడు ఎడ్డీ ఫచ్ పదిహేనో రౌండుకు లేవనివ్వలేదు. ఇంకొక్క మూడు నిమిషాలు కావాలని లోకమంతా కోరుకుంటున్న క్షణం అది. ఫచ్‌కు ఆ చూపు ఉంది.

ఆ తువ్వాలు మన చేతిలో లేదు గాని, టిక్కెట్టు డబ్బు మన జేబులోనే ఉంది. విరమించుకున్నవారికి జరుగుబాటు ఎలా అంటే దానికి మార్గం ఉంది. కాలిఫోర్నియా రాష్ట్రం 1982లోనే టిక్కెట్ల మీద కొద్దిమొత్తం వసూలుచేసి మాజీ యోధులకు పింఛను ఏర్పాటు చేసింది. పాత వీరుడి మీద ప్రేమ ఉంటే అటువంటిది ప్రతిచోటా కావాలని అడగవచ్చు. అతన్ని మళ్ళీ బరిలోకి దింపనక్కర్లేదు.

కాబట్టి మా మనవి ఇంతే. ఒక పోటీ చూడాలని ముచ్చటపడినప్పుడు మూడు ప్రశ్నలు వేసుకుందాం. ఇది వాళ్ళ విద్యకు ఈనాడు కావలసిన పోటీయా, మన జ్ఞాపకానికి కావలసినదా? ఎవరి ఓటమి చూడాలని మనకు తహతహగా ఉంది, ఎందుకు? ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళిద్దరూ ఎదురైతే, “ఆ రాత్రి మేమూ చూశాం” అని వాళ్ళ ముఖం చూసి చెప్పగలమా? మూడింటికీ జవాబు నిలిస్తే హాయిగా చూద్దాం. నిలవకపోతే ఆ పోటీని జో లూయిస్, అలీల పోటీ పక్కన పెట్టి, విందుల్లో వాదించుకుందాం. జరగనంత మాత్రాన దాని రుచి తగ్గదు.

సభ్యులలో ఈ విషయంలో మాతో ఏకీభవించనివారు, ముఖ్యంగా మా వృత్తిలోనివారు, తమ అభిప్రాయాలు వ్రాసి పంపితే వచ్చే సంచికకు ఉపయోగపడుతుంది.